పరుగు విసుగొస్తోందా? వారంలో రెండు రోజులు సైకిలెక్కండి

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం నెలల తరబడి ఒకే దారిలో పరుగెత్తేవారికి మధ్యలో విసుగు, మోకాళ్ల నొప్పి మామూలే. చాలామంది మానేసేది అప్పుడే.

పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాళ్లపై పడుతుంది. సైకిల్‌పై ఆ దెబ్బ ఉండదు. గుండెకు, ఊపిరితిత్తులకు మాత్రం పని తగ్గదు. అందుకే మూడు రోజులు పరుగు, రెండు రోజులు సైకిల్ అనుకుంటే కాళ్లు కోలుకుంటాయి, దమ్ము నిలుస్తుంది. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ 2023లోనే మొదలైంది.

కొత్త లక్ష్యం కావాలంటే డుయాథ్లాన్ ఉంది: 10 కి.మీ. పరుగు, 40 కి.మీ. సైకిల్, మళ్లీ 5 కి.మీ. పరుగు.

అయితే ఎముకల బలానికి నేలపై పడే అడుగే కావాలి. పరుగును పూర్తిగా మానొద్దు.