శ్రేణీకృత నాణేల పెట్టె

శ్రేణీకృత నాణేల పెట్టె అనగా సేకరణ నాణేన్ని నిపుణులు పరీక్షించి, దాని స్థాయిని నిర్ణయించి, చీటీతో సహా సీలు చేసే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె. దీనిని వాడుకలో స్లాబ్ అంటారు. అమెరికాలో పి.సి.జి.ఎస్. 1986లోను, ఎన్.జి.సి. 1987లోను ఈ పని ప్రారంభించాయి.

చీటీ

చీటీపై దేశం లేదా సంస్థానం, సంవత్సరం, విలువ, స్థాయి, ధ్రువీకరణ సంఖ్య ముద్రిస్తారు. స్థాయిని 1 నుండి 70 వరకు గల షెల్డన్ కొలమానంలో తెలుపుతారు.

నకిలీల నివారణ

హోలోగ్రాము, సూక్ష్మాక్షరాలు, బార్‌కోడు వంటివి చీటీకి రక్షణ. పెట్టెను తెరిస్తే ఆ గుర్తులు మిగిలేలా అంచులను అతికిస్తారు. అయితే నకిలీదారులు అసలు నాణెపు సంఖ్యనే దొంగ చీటీపై ముద్రించగలరు. అప్పుడు సంస్థ వెబ్‌సైటులో సంఖ్య సరిగానే కనిపిస్తుంది. కనుక అక్కడ చిత్రం ఉంటే, గీతలు, మచ్చలతో సహా చేతిలోని నాణెంతో పోల్చాలి.

హైదరాబాదు నాణేలు

నిజాం కాలపు చార్మినారు వెండి రూపాయిపై ద్వారం మధ్య ఒక అక్షరం ఉంటుంది. 1911లో మరణించిన మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అది "మీమ్", ఆయన తరువాతి ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై "ఐన్". చీటీపై ఒకరి కాలం, నాణెంపై మరొకరి అక్షరం ఉంటే అనుమానించాలి. హిజ్రీ సంవత్సరాన్ని కూడా సరిచూడాలి. ఈ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, కాని సీలు చేసిన పెట్టెలోని నాణేన్ని విడిగా తూచలేము. అందుచేత కంటితో చేసే ఈ పరీక్షలకు ప్రాధాన్యం ఎక్కువ.