ఏ సరుకుకు ఏ డబ్బా?

సంపాదించడం ఒక ఎత్తు, సంపాదించినదాన్ని చెడిపోకుండా దాచుకోవడం మరొక ఎత్తు. ఇల్లు సర్దేవాళ్లయినా, హాస్టల్ గది సర్దేవాళ్లయినా ముందు బజారుకు పోయి రంగురంగుల డబ్బాలు కొంటారు. వాటిలో ఏం పోయాలన్నది తర్వాత ఆలోచిస్తారు. మా నానమ్మ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. "ముందుగాల సరుకు గుణం జూడు బిడ్డా, డబ్బా సంగతి ఎనుక జూద్దాం" అనేది. ఆ మాటలో ఎంత సైన్సు ఉన్నదో మన ఇందూరు పంటలతోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదట వడ్లు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక మంజీర నీళ్లతో ఈ ప్రాంతంలో వరి విరివిగా పండింది. పాత ఇళ్లలో వడ్లను వెదురుతో అల్లి, మట్టీ పేడతో అలికిన గుమ్మిలో పోసేవారు. వడ్లగింజకు ప్రాణమున్నది. అది కూడా శ్వాసిస్తుంది, కొంత వేడిని, తేమను వదులుతుంది. పచ్చి వడ్లను ఇనుప డబ్బాలో బిగిస్తే ఆ తేమ బయటికి పోలేక బూజు పడుతుంది. అందుకే తేమ 12, 13 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, చల్లారినాకనే పోయాలి.

బియ్యానికి శత్రువు పురుగు. పురుగుకూ గాలి కావాలి. కనుక ఆరిన బియ్యాన్ని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో నిండుగా పోయాలి. సగం ఖాళీ డబ్బా అంటే సగం గాలి డబ్బా అన్నమాట! ఒక పెద్ద డబ్బాకు బదులు రెండు చిన్నవి ఉంటే, ఒకటి రోజూ తెరిచినా రెండోది భద్రం.

ఇక బోధన్ వైపు చెరకు. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివరలో మూతబడ్డది గానీ, శక్కర్‌నగర్ పేరులో చక్కెర ఇంకా ఉన్నది. చెరకు ఒక్కటే అయినా బెల్లం గుణం వేరు, చక్కెర గుణం వేరు. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు మిగిలి ఉంటాయి. అవి గాలిలోని తేమను గుంజుకుంటాయి. అందుకే వానకాలం గోనెసంచిలో పెట్టిన బెల్లం కారుతుంది. దానికి గాలి చొరని పొడి జాడీ కావాలి. చక్కెర శుద్ధి అయింది కాబట్టి అంతగా కారదు. కానీ తడి చెంచా పెడితే గడ్డ కడుతుంది.

ఆర్మూరు, బాల్కొండ పసుపుకు శత్రువు వెలుతురు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ఎండ తగిలితే విరిగిపోతుంది. కిటికీ దగ్గర అద్దంలాంటి సీసాలో పెట్టిన పసుపు చూడ్డానికి ముచ్చటే, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. కొమ్ములు పొడిగా దాచుకొని, కొద్దికొద్దిగా పట్టించి, వెలుతురు చొరని డబ్బాలో పోసుకోవడం మేలు. మామిడికాయ తొక్కులో ఉప్పు, పులుపు రెండూ లోహాన్ని తింటాయి. కనుక దానికి పింగాణీ జాడీయే తగినది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టగూడదనడం కూడా ఇందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి చెబుతున్నాను. పొలాలకు కొట్టే పురుగుమందు డబ్బాలు గట్టిగా ఉంటాయని, కడిగి నీళ్లకో, గింజలకో వాడే ఇళ్లు ఉన్నాయి. వాసన పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు! ప్లాస్టిక్కులో ఇంకిన మందు కడిగితే పోదు. ఆ డబ్బాకు బొక్క కొట్టి పనికిరాకుండా చేయాలి. అట్లాగే మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టవద్దు. పిల్లలకు సీసా తెలుసు గానీ, లోపలిది తెలియదు.

వడ్లకు తేమ, బియ్యానికి పురుగు, పసుపుకు వెలుతురు, తొక్కుకు లోహం. ఏ సరుకు శత్రువేదో తెలుసుకొని, నెలకు ఎంత కావాలో లెక్కగట్టి, అర కొలత చూసి అప్పుడు బజారుకు పోవాలి. సెలవులకు ఊరికి పోయినప్పుడు మిత్రులు తమ ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడున్నాయో ఒక్కసారి చూస్తే, నా ఈ చిన్న వ్యాసం ధన్యమైనట్టే.