నట్టు ఎక్కితే జోడీ కుదిరినట్టేనా?

అంబాసిడర్ బానెట్ ఎత్తి, పాత బీ-సిరీస్ ఇంజిన్ మీద కనిపించే మధ్యరకం బోల్టు ఒకదానికి 13 నంబరు పానా వేసి చూడండి. పడుతుంది. 13 పానా పట్టింది కాబట్టి అది 8 మి.మీ. బోల్టు అన్నది షెడ్లలో పాతుకుపోయిన లెక్క. కొత్త కార్ల విషయంలో ఆ లెక్క చాలావరకు నిజమే, ఇక్కడ మాత్రం తప్పు. ఆ బోల్టు తల వెడల్పు అరంగుళం, అంటే 12.7 మి.మీ. పానాకీ తలకీ మధ్య మిగిలే 0.3 మి.మీ. సందు చేతికి తెలియదు. బోల్టు మందం 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. ఎనిమిదికీ దానికీ తేడా వెంట్రుక మందమంత. కానీ దాని మీద అంగుళానికి 24 చుట్లుంటాయి. మామూలు 8 మి.మీ. బోల్టుకు చుట్టుకు 1.25 మి.మీ. చొప్పున అంగుళానికి ఇరవై మాత్రమే. తల ఒప్పింది, మందం ఒప్పింది, మర ఒప్పలేదు. ఒప్పని ఆ ఒక్కటే బోల్టుకు ప్రాణం. పాత కారును విప్పి తిరిగి నిలబెట్టేవాళ్లు నట్ల, బోల్టుల గురించి నమ్మే అపోహల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే మొదలవుతాయి. పానా పట్టడాన్నీ, నట్టు రెండు చుట్లు ఎక్కడాన్నీ రుజువుగా తీసుకుంటాం. అవి రుజువులు కావు.

"ఎక్కింది కదా, బిగిసింది కదా" అనే మాట బలంగా వినిపించడానికి కారణం ఉంది. బోల్టును మనం మేకులా ఊహించుకుంటాం, రెండు రేకుల గుండా దూరి నిలబడటమే దాని పని అనుకుంటాం. నిజానికి బిగించిన బోల్టు ఒక స్ప్రింగు. నట్టు బిగిసేకొద్దీ బోల్టు కాడ కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన కాడ వెనక్కి రావాలని లాగే ఆ లాగుడే రెండు భాగాల్నీ ఒకదానికొకటి అదిమి పడుతుంది. ఆ లాగుడంతా మోసేవి మర చుట్లు. కొలతకు కొలత కుదిరిన జోడీలో కూడా నట్టులోని మొదటి చుట్టు మీదే దాదాపు మూడో వంతు భారం పడుతుంది. చుట్ల మధ్య దూరంలో తేడా ఉంటే మిగతావి అసలు ఆనవు. ఒకటి రెండు చుట్ల అంచులే మొత్తం మోయాలి. టార్క్ రెంచ్ పెట్టి బిగించాం, అది టక్కుమంది అన్నా ఇక్కడ భరోసా లేదు. మంచి మరలోనే మనం తిప్పే బలంలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగిలిందంతా తల కిందా చుట్ల మధ్యా ఒరిపిడికి పోతుంది. చుట్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ బిగుస్తుంటే ఆ ఒరిపిడి ఇంకా పెరుగుతుంది, రెంచ్ దానికే టక్కుమంటుంది. చేతికి రాయిలా బిగిసినట్టు తెలిసే బోల్టులో లాగుడు దాదాపు లేకపోవచ్చు. వారం తిరగ్గానే అది వదులైతే లోపం కారు అదురుడుది అనుకుంటాం, స్ప్రింగ్ వాషరు వేస్తాం.

ఇంకో అపోహ దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు కారులో అన్నీ ఒకే రకం బోల్టులే ఉంటాయని, కలగాపులగం కనిపిస్తే ఎవరో చెడగొట్టారని చాలామంది అనుకుంటారు. మరల చరిత్ర ఈ నమ్మకాన్ని నిలబడనివ్వదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బ్రిటన్‌కు 55 డిగ్రీల కోణంతో ఒక మర ప్రమాణం ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలతో మరొకటి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి యంత్రాలకు మరొకరు విడిభాగాలు చేయాల్సి వచ్చేసరికి ఈ తేడా ఎంత నష్టమో రెండు దేశాలకూ తెలిసొచ్చింది. 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా వాషింగ్టన్‌లో సంతకాలు చేసి యూనిఫైడ్ మరకు ఒప్పుకున్నాయి. మనం యు.ఎన్.ఎఫ్. (సన్న చుట్లది), యు.ఎన్.సి. (ముతక చుట్లది) అని పిలిచేవి అవే. కానీ ఒప్పందం కుదిరిన మర్నాడే ఏ ఫ్యాక్టరీ తన లేత్‌లన్నీ మార్చుకోలేదు. బ్రిటిష్ కార్లు 1950లలో మెల్లగా కొత్త మరకు మారుతుండగా, ఆ కార్లకు వచ్చే లూకాస్ ఎలక్ట్రికల్ సామాన్లలో, ఎస్.యు. కార్బురేటర్లలో చిన్న స్క్రూలు ఇంకా బి.ఏ. మరవే. దాని కోణం 47.5 డిగ్రీలు, అది మూడో జాతి. వీటన్నిటికన్నా విచిత్రమైనది ఎం.జి. కార్ల ఎక్స్‌పీఏజీ ఇంజిన్. కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ నడిపిన ఫ్యాక్టరీని, ఎం.జి.కి ఇంజిన్లు చేసిన కార్ల తయారీదారు మోరిస్ 1923లో కొన్నాడు. అక్కడి యంత్రాలు మెట్రిక్ మర కోసేవి, బ్రిటన్ మెకానిక్కుల చేతిలో ఉన్నవి విట్‌వర్త్ పానాలు. అందుకని మెట్రిక్ మర మీద విట్‌వర్త్ తల పెట్టి బోల్టులు చేశారు, 1950ల నడుమ దాకా అవే నడిచాయి. ఆ ఇంజిన్‌లో తలకీ మరకీ కొలతల పొత్తు లేకపోవడమే అసలు స్థితి. దాన్ని సరిచేయబోయేవాడే దాన్ని పాడుచేస్తాడు.

మన అంబాసిడర్ది కూడా సరళమైన కథ కాదు. బరువులు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చి దేశం మెట్రిక్ బాట పట్టిన కొద్దికాలానికే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి అంగుళాల మరలతో అంబాసిడర్ బయటికొచ్చింది. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగేదాకా అది నడుస్తూనే ఉంది. చుట్టూ ఉన్న బజారంతా మెట్రిక్ అయిపోయిన దేశంలో అర్ధ శతాబ్దం పాటు అంగుళాల బోల్టులు వాడిన కారు ఇది. అది చాలదన్నట్టు 1990ల ఆరంభంలో ఇసుజు ఇంజిన్ వచ్చింది. ఆ ఇంజిన్ మెట్రిక్, దాన్ని మోసే పాత ఒళ్లు అంగుళాలది. అలాంటి కారులో రెండు జాతుల బోల్టులు కనిపిస్తే అందులో తప్పేమీ లేదు. ప్రీమియర్ పద్మినికి ఈ గొడవే లేదు, అది ఫియట్ కాబట్టి మొత్తం మెట్రిక్కే అనేవారున్నారు. మెట్రిక్కే, కానీ మెట్రిక్‌లోనూ శాఖలున్నాయి. బజార్లో 10 మి.మీ. బోల్టు అడిగితే ఇచ్చేది సాధారణంగా 1.5 మి.మీ. చుట్టుది. ఫియట్ చాలాచోట్ల వాడింది 1.25. ఈ నట్టును ఆ బోల్టుకు పెడితే ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. "మరలో మట్టి ఉంది" అని ఇంకాస్త బలంగా తిప్పుతారు.

మరి జాతిని గుర్తుపట్టేది ఎలా? తలను చూసి కొంత, మరను కొలిచి మొత్తం. తల మీద 8.8 అని ఉంటే మెట్రిక్. మధ్య నుంచి అంచుకు మూడు గీతలుంటే అమెరికన్ గ్రేడు 5, ఆరుంటే గ్రేడు 8. బ్రిటిష్ యూనిఫైడ్ బోల్టుల మీద ఒకదానికొకటి తాకే చిన్న వృత్తాలో, తల నడుమ గుండ్రటి గుంటో ఉంటుంది. నట్టు పక్క ముఖం మీదా అలాంటి వృత్తాల వరసే కనిపిస్తుంది. ముందు కిరసనాయిలుతో కడిగితేగాని ఇవేవీ కనబడవు. ఆ తర్వాత వెర్నియరుతో మందం, థ్రెడ్ గేజితో చుట్టు దూరం కొలవాలి. గేజి లేకపోయినా, జాతి తెలిసిన మంచి బోల్టును తీసుకుని, తెలియనిదాన్ని దాని పక్కన పెట్టి, చుట్లలో చుట్లు పొదిగి వెలుతురుకు ఎత్తి పట్టవచ్చు. కుదిరిన జోడీలో వెలుగు దూరదు. కుదరని జోడీలో నాలుగైదు చుట్లు దాటేసరికి ఒకదాని పళ్లు రెండో దాని పళ్ల మీదికి ఎక్కి కూర్చుంటాయి, మధ్యలో వెలుగు గీతలు పడతాయి. ఈ పరీక్షకూ ఒక హద్దుంది. 3/8 అంగుళం మందంలో విట్‌వర్త్‌కూ యు.ఎన్.సి.కీ అంగుళానికి 16 చుట్లే. నట్టు సాఫీగా ఎక్కుతుంది, తేడా 55, 60 డిగ్రీల కోణంలోనే ఉంటుంది, చుట్ల పక్కలు నిండుగా ఆనవు. అరంగుళం మందానికి వచ్చేసరికి ఒకదానికి 12, మరొకదానికి 13. కింది సైజుల్లో కలిసింది కదా అని అక్కడా కలిపితే పట్టేస్తుంది.

తేడా తెలిసిన తర్వాత చేసే తప్పు ఇంకా పెద్దది. "ట్యాప్ కొట్టేస్తే అదే దారికొస్తుంది" అంటారు. అంగుళాల మర ఉన్న కన్నంలో 8 మి.మీ. ట్యాప్ దింపితే ఏమవుతుందో ఆలోచించండి. పాత గాళ్లు ఇప్పటికే 7.94 మి.మీ. దాకా కోసి ఉన్నాయి. కొత్త గాళ్లు వేరే దూరంలో వాటిని అడ్డంగా దాటుకుంటూ పోతాయి. మిగిలేది చుట్టు కాదు, అక్కడక్కడా తెగిపోయిన మొలకలు. బోల్టు చక్కగా దిగుతుంది, బిగించినప్పుడు ఆ మొలకలు పొడిలా రాలి వస్తాయి. కార్బురేటరు, వాటర్ పంపు లాంటి అల్యూమినియం భాగాల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కన్నం నిజంగానే చెడిపోతే దారి ఉంది. దాన్ని సరైన సైజుకు పెద్దది చేసి, హెలికాయిల్ అనే స్టీలు తీగ చుట్టను దింపితే మొదటి కొలత మరే తిరిగి వస్తుంది. మంచి లేత్ పనివాళ్లకు ఇది తెలిసిన పనే.

గట్టి బోల్టు వేస్తే కొలత కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదన్న నమ్మకానికీ ఆధారం లేదు. 12.9 గ్రేడు బోల్టు కాడ తెగదు నిజమే, దాని బదులు పోత ఇనుములోని మర ఊడుతుంది. పోయేది బోల్టయితే కొత్తది వేసుకుంటాం, పోయేది సిలిండర్ బ్లాకు మరైతే పని పదింతలు. తుప్పు పట్టదని అన్నిచోట్లా స్టెయిన్‌లెస్ వేయడం కూడా ఇలాంటిదే. మామూలుగా దొరికే ఏ2-70 రకం 450 మెగాపాస్కల్ దగ్గరే శాశ్వతంగా సాగిపోతుంది, 8.8 బోల్టు 640 దాకా ఓర్చుకుంటుంది. బంపరుకూ నంబరు ప్లేటుకూ స్టెయిన్‌లెస్ అందమే, సస్పెన్షన్‌కు కాదు.

ఇక్కడ ఎవరైనా న్యాయంగానే ఒక ప్రశ్న అడుగుతారు. దొరికిన బోల్టుతో బిగించిన అంబాసిడర్లు ఊరూరా టాక్సీలుగా దశాబ్దాలు తిరిగాయి కదా, వాటికేమైంది? తిరిగాయి, కాదనలేం. కారులోని బోల్టుల్లో ఎక్కువ భాగం మడ్‌గార్డు, రేకు, బ్రాకెట్టు పట్టుకునేవే. వాటి మీద పడే భారం తక్కువ కాబట్టి సగం పట్టు ఉన్నా నిలబడతాయి. ఆ అనుభవమే మనల్ని మోసగిస్తుంది, ఎందుకంటే ప్రాణం ఆధారపడ్డ చోట్లు కొన్నే, అక్కడ పట్టు సగమైతే చాలదు. బ్రేకు పైపునే తీసుకుందాం. యూనిఫైడ్ మర వచ్చాక బ్రిటిష్ కార్లలో సన్న బ్రేకు పైపు కొసన ఉండే యూనియన్ నట్టు సాధారణంగా 3/8 అంగుళం, 24 చుట్లు. తర్వాతి తరం కార్లలో అదే 10 మి.మీ., చుట్టుకు 1 మి.మీ. పాత వీల్ సిలిండరు దొరక్క కొత్త రకం వేసి, పాత పైపు యూనియన్‌ను అందులోకి తిప్పితే చేత్తోనే దిగుతుంది, పానాతో బిగుస్తుంది కూడా. లోపల మాత్రం మర పళ్లు ఉండాల్సిన లోతులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే ఆనుతాయి. షెడ్డులో పెడలు తొక్కితే నూనె కారదు. ఎదురుగా ఏదో అడ్డొచ్చి ఒళ్లంతా బరువు పెట్టి తొక్కిన రోజున ఆ పళ్ల మీద పడే ఒత్తిడి వేరు. స్టీరింగు కీళ్లు, చక్రాల స్టడ్లు, కనెక్టింగ్ రాడ్ల బోల్టులు కూడా ఈ కోవలోవే. అక్కడ డబ్బాలోంచి తీసిన బోల్టుకు చోటివ్వకూడదు.

సరైన బోల్టులు దొరకవన్న మాటలోనూ సగమే నిజం. కారు స్పేర్ల దుకాణంలో లేని యు.ఎన్.ఎఫ్. బోల్టు, పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల సామాన్లు అమ్మేచోట దొరకవచ్చు, ఆ ట్రాక్టర్లవీ యూనిఫైడ్ మరలే. మందం, చుట్లు, గ్రేడు మూడూ చెప్పి అడగాలి, పాత బోల్టు చేతికిచ్చి "ఇలాంటిది" అంటే పానా సైజును బట్టి ఏదో ఒకటి వస్తుంది. ఎంత వెతికినా దొరకనిచోట ఆ జాయింటును మెట్రిక్‌కు మార్చడం తప్పని నేననను. మార్చితే నట్టు, బోల్టు, కన్నం మూడూ కలిపి మార్చాలి, ఒకే ఫ్లాంజి మీద రెండు జాతులు మిగల్చకూడదు, ఎక్కడ మార్చామో కాగితం మీద రాసి కారు పత్రాలతో ఉంచాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్లన్నీ మెట్రిక్ అయ్యాయని అందులో ఉంటే, పదేళ్ల తర్వాత ఆ బానెట్ ఎత్తే మెకానిక్ అరంగుళం నట్టు కోసం వెతుకుతూ డబ్బాలో చెయ్యి పెట్టడు.