పారేసిన కవరు.. రోడ్డుకు రక్ష

మురుగుకాలువకు అడ్డుపడే ప్లాస్టిక్ కవరు రోడ్డును కాపాడుతుందంటే నమ్ముతారా? మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన ఆచార్య ఆర్.వాసుదేవన్ చేసి చూపించారు. 2002లో కళాశాల ఆవరణలోనే అలాంటి రోడ్డు వేయించారు. 2018లో ఆయన్ని పద్మశ్రీ వరించింది.

పద్ధతి తేలికే. కవర్లను చిన్న ముక్కలు చేసి, సుమారు 160 డిగ్రీల వేడిమీదున్న కంకరపై చల్లుతారు. అవి కరిగి రాళ్లకు పూతలా పట్టేస్తాయి. ఆ తర్వాతే తారు కలుపుతారు. రాయికీ తారుకీ మధ్య వాననీరు దూరితే గుంతలు పడతాయి. ఈ పూత ఆ నీటిని అడ్డుకుంటుంది. ఒంటివరస రోడ్డుకు కిలోమీటరుకు దాదాపు టన్ను ప్లాస్టిక్ పడుతుంది. తారూ కొంత ఆదా అవుతుంది.

5 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల లోపు తారురోడ్లలో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని 2015లో కేంద్రం ఆదేశించింది. అయితే ఏది పడితే అది వేస్తే ముప్పే. పీవీసీ వేడెక్కితే హానికర వాయువు వెలువడుతుంది. మట్టి, తడి అంటిన కవర్లు రాళ్లకు సరిగా అంటుకోవు. అందుకే రోడ్డు నాణ్యత మన ఇంటి చెత్తబుట్ట దగ్గరే మొదలవుతుంది. కవర్ల వాడకం తగ్గిద్దాం. తప్పక వాడినవాటిని కడిగి, ఆరబెట్టి, వేరుగా ఇద్దాం.