రామగిరి గాలిమరల లెక్క, బెంగళూరు ఇంటర్వ్యూ

మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పిల్లోళ్లు చానామంది రైలెక్కి బెంగళూరికి ఇంటర్వ్యూలకు పోతాండారు. డేటా ఇంజినీరుగా ఐదారేండ్లు చేసినోళ్లు గూడా సీనియర్ పోస్టు కాడికొచ్చేసరికి రెండో రౌండులో ఆగిపోతాండారు. పని రాక కాదు, ఆడ ఏం చూస్తారో తెలీక.

మొదటి రౌండు ఎస్‌క్యూఎల్. ఒకే వరుస రెండుసార్లు పడితే కొత్తది ఉంచి పాతది తీసేయమంటారు. రో నంబర్ ఫంక్షన్ తెలిస్తే ఐదు నిమిషాల పని. రాసి రాసి చెయ్యి తిరగాల, అంతే.

అసలు కత డిజైన్ రౌండుది. రామగిరి కొండల మింద 1990లలోనే గాలిమరలు లేసినాయి కదా, అట్లాటివి 100 ఉన్నాయనుకోండి. ఇప్పటి మరలు మామూలుగా 10 నిమిషాలకొక లెక్క పంపుతాయి: గాలి వేగం, తీసిన కరెంటు. ఒక్కోదానికి రోజుకు 144 వరుసలు, మొత్తం 14,400. దీన్ని యాడ పెడతారు, ఎట్ల నడిపిస్తారు అని అడిగితే మనోడు వెంటనే కాఫ్కా, స్పార్క్ అని పేర్లు వల్లిస్తాడు. ఈ మాత్రం దానికి అవెందుకప్పా? పిచ్చుక మింద బ్రహ్మాస్త్రం. ఒక్క పోస్ట్‌గ్రెస్ చాలు. ఆ మాట ధైర్యంగా చెప్పేవాడే సీనియరు.

ఆనక మెలిక పెడతారు. కొండ మింద నెట్‌వర్క్ పోయి, నిన్నటి లెక్క ఈపొద్దు వచ్చింది. ఏ రోజు కింద వేస్తారు? రెండు టైములూ రాసిపెట్టుకోవాల: సంగతి జరిగిన టైము, మనకు అందిన టైము. కరెంటు లెక్క జరిగిన టైము ప్రకారమే. ఏ పాత రోజు లెక్క మళ్లీ తీయాల్నో అందిన టైము చెప్తాది. మళ్లీ నడిపితే అంకెలు రెండింతలైతే? మర నంబరు, టైము కలిపి కీ పెట్టి, ఉంటే మార్చు, లేకుంటే చేర్చు అనాల. ఎన్నిసార్లు నడిపినా ఒకటే జవాబు రావాల. దీన్నే ఐడెంపొటెన్సీ అంటారు. పేరుకు నోరు తిరక్కపోయినా పనేందో చెప్తే చాలు.

నిజంగానే కోట్ల వరుసలుంటే అప్పుడు స్పార్క్. ఆడ స్క్యూ గురించి అడుగుతారు. పది మగ్గాలుండి పట్టంతా ఒక్క మగ్గానికే ఇస్తే తొమ్మిది ఖాళీగా కూసుంటాయి, చీరలు మటుకు దిగవు. ఒకే కీ కింద డేటా అంతా పోగైతే అదే జరుగుతాది. ఆ కీని ముక్కలు చేసి పంచాల.

జవాబు మొదలుపెట్టేముందు ఎదురు అడగండి: ఈ లెక్క ఎవరు చూస్తారు? నిమిషంలో కావాల్నా, పొద్దునకైతే చాలా? ఖర్చు ఎంత పెట్టుకోవచ్చు? ఇంగ్లీషు తడబడితే బొమ్మ గీసి చూపించండి. బొమ్మకు గ్రామరు లేదు.

దొంగ ఎక్స్‌పీరియన్స్ కాగితాలు కొనుక్కొని పోయేటోళ్లు ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు: "రాత్రి 2 గంటలకు జాబ్ పడిపోతే ఏం చేసినారు?" చేసినోనికి టేబుల్ పేరుతో సహా గుర్తుంటాది. అందుకే పోయేముందు మీ పనిలో చెడిపోయిన మూడు సంగతులు కాగితం మింద పెట్టుకోండి: ఏం చెడింది, ఎట్ల కనుక్కున్నారు, మళ్లీ చెడకుండా ఏం చేసినారు.