మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే మన వీధుల రంగే మారిపోతుంది. నల్ల బట్టలు, నుదుట విభూతి, చెప్పుల్లేని కాళ్లు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్న స్నేహితుణ్ని ఇవాళ్టినుంచి 'స్వామీ' అనాల్సిందే. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. మందు, సిగరెట్, మాంసం ముట్టరు. కోపం తెచ్చుకోకూడదు. అన్నిటికన్నా అదే కష్టమట! అలా 41 రోజులు.

భక్తి సంగతి కాసేపు పక్కన పెడదాం. 'చుక్క పడనిదే ఆయనకు నిద్ర రాదు' అని పేరుబడ్డ మనిషి ఒక్క పూసల దండతో ఎలా మానేస్తాడు?

భయం కొంత. అంతకుమించి, ఊరంతా అతణ్ని స్వామీ అంటోంది. పెళ్లాంపిల్లలూ అదే పిలుపు. అలా పిలిపించుకుంటూ వైన్ షాపు మెట్లెక్కడానికి కాళ్లాడవు. పైగా తాగే వేళకు భజన ఉంటుంది, తోడుగా పదిమంది ఉంటారు. ఖాళీ సాయంత్రమే దొరకదు. ఇంట్లో ఇల్లాలు నాలుగింటికే లేచి మడిగా వండుతుంది. ఆమె దీక్షకు మాల ఉండదు, అంతే తేడా.

(ఒక మాట. రోజూ విపరీతంగా తాగేవాళ్లు ఉన్నపళంగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం దాకా వెళ్లొచ్చు. ప్రాణాలకే ముప్పు. మాలకు ముందు డాక్టర్‌ని కలవడం అపచారమేమీ కాదు.)

అసలు పరీక్ష తిరిగొచ్చాకే. కొండమీద పద్ధెనిమిది మెట్లెక్కి ఇరుముడి సమర్పిస్తారు. అక్కడ సన్నిధానంలో ఛాందోగ్యోపనిషత్తు మహావాక్యం కనిపిస్తుంది. నువ్వు వెతుకుతున్నది నువ్వేనని దాని అర్థం. ఆ మాట చూసొచ్చిన మనిషే మాల తీసిన రాత్రి సీసా మూత తీస్తాడు. అతనిది దొంగభక్తి అంటే నేనొప్పుకోను. ఆ 41 రోజులూ నిజమే. కాకపోతే కాపలా అంతా బయటే ఉంది. మాలతోపాటే అదీ వెళ్లిపోయింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వెల్లడించిన లెక్క ఒకటుంది. తిండి, వ్యాయామం లాంటి కొత్త అలవాటు దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 కావాల్సివచ్చింది. వాళ్లు చూసింది తాగుడు మానడం గురించి కాదు గానీ, మండలం దాటాక కూడా పని మిగిలే ఉంటుందని మాత్రం అనిపిస్తుంది.

మాల తీశాక కూడా కొందరు ఒకటి రెండు పట్టుకునుంటారు. కొందరికి తెల్లవారుజాము స్నానం, కొందరికి వారానికో భజన. గుడి ముఖం చూడకపోయినా నోటి దురుసు తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు వాళ్ల దీక్ష ఇంకా నడుస్తున్నట్టే లెక్క.

మా వీధిలో ఒకావిడ మాల తీయబోతున్న గురుస్వామితో అంది: "ఆ మంత్రం కాస్త నెమ్మదిగా చదవండి స్వామీ!"