మూడు బిరడాల బేస్ గిటార్

ఐన్ ఖాలిద్ అంటే అరబ్బీలో 'ఖాలిద్ నీటి ఊట' అని అర్థమట. ఇప్పుడిక్కడ ఊటా లేదు, చెరువూ లేదు. ఇటు విల్లాలు, అటు ఇండస్ట్రియల్ ఏరియా. ఆ విల్లాల్లో ఒకదాని వెనక ఔట్‌హౌస్ గదిలో ముగ్గురం ఉంటాం. నేను సైట్ సూపర్‌వైజర్ని. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. సంగీతం నేర్చుకోలేదు. అయినా పోయిన వేసవి మొత్తం ఒక పాత బేస్ గిటార్‌తో కుస్తీ పట్టాను. ఎందుకు పట్టానో చెప్పాలంటే ముందు 1998 వినాయక చవితి సంగతి చెప్పాలి.

మా మావయ్య కాకినాడలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. చవితి పందిళ్ళు, శ్రీరామనవమి, పెళ్ళి రిసెప్షన్లు. ఇళయరాజా పాటలు చేసే ట్రూపుకి బేస్ లేకపోతే కుదరదు కదా. 'అభినందన', 'గీతాంజలి' పాటలు వింటూ కింద నడిచే ఆ మంద్రస్వరాన్ని ఒక్కసారి తీసేసి ఊహించుకోండి, పాట గాల్లో వేలాడుతుంది. మావయ్య గిటారు కలకత్తాలో చేసింది. ఆ రోజు విరామంలో దాన్ని స్పీకరు డబ్బాకి ఆనించి టీకి వెళ్ళాడు. పదేళ్ళవాణ్ణి, ప్రసాదం కోసం పరిగెడుతూ వైరు తట్టుకుని పడ్డాను. నాతోపాటు అదీ పడింది. బిరడాలుండే తలభాగం మెడ దగ్గర చీలింది.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. వడ్రంగి చేత ఫెవికాల్ పెట్టించి క్లాంపు వేయించాడు. తీగలు బిగించిన రెండో రోజుకి అతుకు మెల్లగా జారింది. ఎందుకు జారిందో నాకు పాలిటెక్నిక్‌లో చేరాక అర్థమైంది. నాలుగు బేస్ తీగలు కలిసి సుమారు 75-80 కిలోల బరువుతో మెడని లాగుతుంటాయి. రాత్రీ పగలూ, ఆపకుండా. అలాంటి నిరంతర లాగుడు కింద ఆ రకం తెల్ల జిగురు విరగదు, సాగుతుంది. దీన్నే మేం క్రీప్ అంటాం. ఆ సీజను కీబోర్డు కుర్రాడు ఎడమచేత్తో బేస్ వాయించి లాగించేశాడు. మరుసటి ఏడాది మావయ్యని పిలవలేదు. కీబోర్డులు ఎలాగూ అందరి పొట్టా కొట్టేవేననుకోండి. కానీ మా ఇంట్లో ఆ ఏడాదికి కారణం నేనే.

ఇక ఐన్ ఖాలిద్‌కి వద్దాం. జూన్ నెలలో మా పక్క విల్లాలో ఒక ఫిలిప్పీన్ అతను ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. ఒకప్పుడు హోటల్ బ్యాండ్‌లో వాయించేవాడట, ఇక పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఇక్కడ వాళ్ళని అందరూ కబాయన్ అనే పిలుస్తారు. గేటు బయట కుక్కరు, ఇస్త్రీ పెట్టె, పిల్లల సైకిలు పెట్టాడు. వాటి పక్కన గోడకి ఆనించి ఒక బేస్ గిటారు. గోడకి ఆనించిన గిటారు చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. వెళ్ళి ముందు దాన్ని నేల మీద పడుకోబెట్టాను. ఆ తర్వాతే ధర అడిగాను.

350 రియాల్‌లు అన్నాడు. తల మీద కంపెనీ పేరు లేదు, ఎవరో గీకేశారు. వెనక మెడని ఒంటికి బిగించే స్టీలు పలక మీద మాత్రం 'స్టీల్ రీయిన్‌ఫోర్స్‌డ్ నెక్, మేడ్ ఇన్ జపాన్' అని అచ్చుకొట్టి ఉంది. ఆ అక్షరాలు 1970ల్లో జపాన్ ఫ్యాక్టరీలు అమెరికన్ గిటార్లకి నకళ్ళు చేసి ప్రపంచమంతా పంపిన రోజుల గుర్తు. ఇది ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన జాజ్ బేస్‌కి నకలు. ఆ లియో ఫెండర్ రేడియో రిపేర్ల షాపు నడిపినవాడు, గిటారు వాయించడం రానివాడు. 1951లో ఆయన మొదటి బేస్‌కి 'ప్రిసిషన్' అని పేరు పెట్టారు. మెట్లు ఉండటం వల్ల, మెట్లు లేని పెద్ద డబుల్ బేస్‌లా స్వరం తప్పే ప్రమాదం లేదని. వాయించడం రాకపోయినా పనిముట్టు తెలిస్తే చాలన్న ధైర్యం నాకు ఆయన్ని చూసే వచ్చింది.

కొనేముందు సైట్లో ఫ్లాటు హ్యాండోవర్‌కి రాసినట్టే స్నాగ్ లిస్ట్ రాశాను. బిరడాలు నాలుగుకి మూడే. తీగలు రెండే, అవీ తుప్పు. ఒక నాబ్ లేదు. తల మొదట్లో తీగలు ఆనే ఎముక పట్టీ సగం విరిగింది. దాన్నీ 'నట్' అనే అంటారు, మన బోల్టు నట్ కాదు. పికప్‌ల మీద ఉండాల్సిన క్రోమ్ మూత లేదు, దాని స్క్రూ రంధ్రాలు మాత్రం ఉన్నాయి. జేబులో మల్టీమీటరు ఉంది కాబట్టి పికప్‌లు చూశాను. ముందుది 7 కిలో ఓమ్‌లు చూపించింది, మంచిదే. వెనకది ఏమీ చూపించలేదు, ఎక్కడో తీగ తెగింది. మెడ మీద అల్యూమినియం పట్టీ పెట్టి చూస్తే మధ్యలో మిల్లీమీటరున్నర వంపు. ఒక్కోటీ చదువుతూ ధర తగ్గించమన్నాను. కబాయన్ నవ్వి 220కి ఇచ్చేశాడు. మన డబ్బుల్లో ఐదు వేల చిల్లర.

పాత సామాను కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఉన్నవాటికి మురిసిపోయి డబ్బులివ్వకండి, లేనివాటి లెక్క చూడండి. అన్ని లోట్లూ ఒకటి కావు మళ్ళీ. వంగిన మెడ సరిచేయవచ్చు, మెలితిరిగిన మెడ మాత్రం వదిలేసి రావాలి. నేను ముందు చూసింది అదే. తల వైపు నుంచి ఒంటి కన్నుతో చూస్తే మొదటి మెట్టూ చివరి మెట్టూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. అవి అలా లేకపోతే 50 రియాల్‌లకి కూడా తీసుకునేవాణ్ణి కాదు.

ఆ రాత్రి మావయ్యకి వీడియో కాల్ చేశాను. ఏమీ చెప్పకుండా కెమెరా దాని మీద తిప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, "మూడు బిరడాలే ఉన్నాయేంట్రా?" అన్నాడు.

"ఆయ్ మావయ్యా, ఒకటి దొరకాలి. క్రోమ్ మూత కూడా లేదు, ఆన్‌లైన్‌లో వెతుకుతున్నా."

"ఒరేయ్, ఆ మూత మేం కొన్న రోజే ఊడదీసి పక్కన పడేసేవాళ్ళం. చేతికి అడ్డం. దానికి డబ్బులు తగలేయకు."

అసలు మూత విడిగా కొనాలంటే మిగతా రిపేరంత ఖర్చయ్యేలా ఉంది. ఒక్క మాటతో లిస్టులో పెద్ద పద్దు కొట్టేశాను. వింటేజ్ అని బీరువాలో దాచుకునేవాళ్ళకి ఆ మూత కావాలి, స్క్రూలతో సహా అసలువే కావాలి. పేరు కూడా లేని నా గిటారుకి ఆ మర్యాదలన్నీ అక్కర్లేదు. అలాగని రంగు జోలికి మాత్రం పోలేదు. అంచుల్లో రంగు లేచిపోయి చెక్క కనిపిస్తోంది, ఉండనీ అనుకున్నాను. పాత రంగు గీకి కొత్తది వేస్తే వాయిద్యం విలువ పడిపోతుంది, తిరిగి రాదు.

ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదని నిబంధన. తెల్లారకముందే సైటుకి పోతాం, మధ్యాహ్నాలు గదిలో ఉంటాం. ఆ మధ్యాహ్నాలే నా వర్క్‌షాపు వేళలు. రాత్రి డ్యూటీ చేసే రూమ్మేట్ పక్క మంచం మీద నిద్రపోతుంటాడు. ఎలక్ట్రిక్ బేస్‌లో సుగుణం ఏమిటంటే ఆంప్లిఫయర్ పెట్టకపోతే పక్కవాడికి దోమ రొదంత కూడా వినపడదు.

మొదట మెడ పట్టుకున్నాను. నేను బాగా ఇష్టపడి చేసిన పని అదే. మెడలోపల ఒక స్టీలు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. మా సైట్లో పోస్ట్ టెన్షన్ స్లాబు వేస్తే కాంక్రీటు లోపల వంపుగా కేబుళ్ళు పరిచి, తర్వాత జాకీతో లాగి బిగిస్తాం. స్లాబు కిందికి కుంగకుండా అవి లోపలినుంచి ఎత్తిపడతాయి. పాతకాలం గిటారు మెడలోనూ అదే. తీగలు ముందుకి లాగుతుంటే వంపుగా పడుకున్న ఆ కడ్డీ వెనక్కి లాగుతుంది. పదిహేనేళ్ళుగా స్లాబుల్లో చేస్తున్న పని జానెడు చెక్కలో కూడా ఉందని తెలియగానే భయం పోయింది. తుప్పు వదిలే నూనె చుక్క వేసి, రోజుకి పావు చుట్టు చొప్పున బిగించాను. తొందరపడితే కడ్డీ తెగుతుంది, ఇక దాని కథ అంతే. పది రోజులకి వంపు దారికొచ్చింది. తీగలు వేశాక మళ్ళీ సర్ది మూడో వంతు మిల్లీమీటరుకి తెచ్చాను. ఫీలర్ గేజ్ మా మెకానికల్ వాళ్ళది, చెప్పే తీసుకున్నాను.

బిరడా దగ్గర ఇబ్బంది పడ్డాను. జపాన్ సామాను మిల్లీమీటర్లలో, బజార్లో దొరికే అమెరికన్ కొలతల సామాను అంగుళాల్లో. నాబ్ కూడా అంతే, దీని కాడ 6 మిల్లీమీటర్లు, వాటి రంధ్రం 6.35. సైట్లో పైపుల దగ్గర ఎన్నిసార్లు తిట్టుకున్న బాధే ఇది. సెకండ్ హ్యాండ్‌లో 35 రియాల్‌లకి ఒంటరి బిరడా దొరికింది. కానీ తలలో రంధ్రం దానికి పెద్దది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేత్ షాపుకి తీసుకెళ్తే, సర్దార్జీ అటూ ఇటూ తిప్పి చూసి ఇది ఏ పంపుదని అడిగాడు. పంపు కాదు, పాటది అన్నాను. ఇత్తడి బుష్ ఒకటి తిప్పి ఇచ్చి 15 తీసుకున్నాడు. చూడటానికి మూడు ఒక రకం, ఒకటి ఒక రకం. పెళ్ళి ఫోటోలో అద్దె సూటు వేసుకున్నవాడిలా ఉంటుంది.

తెగిన పికప్ కోసం వారం నిద్రపోలేదు. వెంట్రుకలాంటి రాగి తీగ, 0.06 మిల్లీమీటర్లు, దాదాపు 9 వేల చుట్లు. లోపల తెగితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాలి. మోటార్లు చుట్టే షాపువాళ్ళు ఆ తీగ చూసి చేతులెత్తేశారు. మా సైటు ఎలక్ట్రీషియన్, బీహార్ కుర్రాడు, ఫోన్ లైటు వేసి భూతద్దంతో చూసి, "సార్, బయటి చివరే ఊడింది" అన్నాడు. లోపలి చివర అయ్యుంటే పని అయిపోయేది. ఎనామిల్ గీకి, టంకం చుక్క పెట్టాడు. మీటరు 7.4 చూపించింది. ఆ పూట ముగ్గురికీ బిర్యానీ నాదే.

ఆ బిర్యానీ హోటలు నుంచే ఎముక కూడా తెచ్చాను, నట్ కోసం. సబ్బునీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, కోసి, ఆకురాయి పట్టాను. ఎముక రాపిడి వాసన ఎలా ఉంటుందో మీకు తెలీకపోతే మీరు అదృష్టవంతులు. పళ్ళ డాక్టరు గది గుర్తొస్తుంది. రూమ్మేట్ నన్నూ ఎముకనీ కలిపి బయటికి పంపాడు. గాడులు మూడోసారికి గానీ సరైన లోతు రాలేదు.

కొత్త తీగల సెట్టు 90 రియాల్‌లు. నాబ్ కోసం సూక్‌లో ఒక పాత రేడియో ఊడదీశాం. మొత్తం నాలుగు వందల లోపే. అదే నెలల్లో ఆన్‌లైన్‌లో పాల్ మెకార్ట్‌నీ బేస్ కథ చదివాను. 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్, 1972లో లండన్‌లో వ్యాన్ నుంచి దొంగలెత్తుకుపోయారు. ఒక ఇంటి అటకమీద దొరికి ఆయన దగ్గరికి చేరిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. అదీ వాయించే స్థితిలో లేదు, రిపేరు చేయించి ఆ డిసెంబర్‌లో లండన్ కచేరీలో మళ్ళీ వాయించాడు. యాభై ఏళ్ళకి పైగా తర్వాత అన్నమాట. మావయ్యకి ఇది చెబితే, "ఆయన గిటారు ఆయనకి దొరికింది" అని ఊరుకున్నాడు.

సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం తీగలన్నీ శ్రుతి చేసి మళ్ళీ వీడియో కాల్ పెట్టాను. లావు తీగ మీటాను.

"ఏం వినపడట్లేదురా. టిక్కు టిక్కుమంటోంది."

వినపడదు మరి. లావు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని ఫోన్‌లోని గోరంత స్పీకరు పలకలేదు. పై పొరలేవో లీలగా చేరతాయి, అసలు బరువు దారిలోనే పోతుంది. మూడు నెలల కష్టం, వినాల్సిన మనిషికి తప్ప గదిలో అందరికీ వినిపిస్తోంది.

డిసెంబర్ లీవుకి దాన్ని తీసుకెళ్ళాను. తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలు తీస్తే మెడ వేరు, ఒళ్ళు వేరు. గల్ఫ్‌వాళ్ళం కార్టన్లు కట్టడంలో ఎవరికీ తీసిపోం కదా. టీవీ కార్టన్‌లో దుప్పట్ల మధ్య పెట్టి, తాడు కట్టి, మార్కర్‌తో పేరు రాశాను. హైదరాబాద్‌లో దిగి, గౌతమి ఎక్కి కాకినాడ చేరేదాకా కార్టన్ నా కాళ్ళ దగ్గర నుంచి కదల్లేదు.

మావయ్య ఇంటి అరుగు మీద బిగించి ఇచ్చాను. ఎదురింటి వాళ్ళ టేప్ రికార్డరు కుర్రాడు చిన్న ఆంప్లిఫయర్ తెచ్చాడు. మావయ్య వేళ్ళు మొదట తడబడ్డాయి. కాసేపటికి ఎడమచేయి దానంతటదే నడిచింది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది. కిటికీ రేకు అదిరింది. నేను నేల మీద కూర్చుని, వైరు ఎవరి కాలికీ తగలకుండా రెండు చేతుల్తో పట్టుకున్నాను.

పది నిమిషాలకి ఆపి, మెడ మీద మూడో మెట్టు దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ జీర వస్తోందిరా. మీ ఏసీ గదిలో సరిపెట్టావు, ఇది సముద్రగాలి. చెక్క ఊరినట్టుంది. ఆ కడ్డీ పావు చుట్టు వదులు చెయ్యి."

అలెన్ కీ ఐన్ ఖాలిద్‌లో మంచం కింద ఉండిపోయింది. 5 ఎంఎం కీ కోసం ఇద్దరం బండి మీద మెకానిక్ షాపుకి బయల్దేరాం. గిటారుని మంచం మీద పడుకోబెట్టే వెళ్ళాం.